ముడవని కాలు

"కాలు ముడుచుకోండయ్యా! వీపులో పొడుస్తోంది," అన్నాడు ముందు మోతగాడు పళ్ళు నూరుతూ.

"ముడవను. నడువు," అన్నాడు డోలీలోని పెద్దాయన.

కొండకోట మొదటి ద్వారమైనా దాటలేదు, అప్పుడే మోతగాడికి ఒళ్ళు మండిపోతోంది. కింద అంతమంది గట్టివాళ్ళు నిలబడి ఉంటే, ఈయన కర్ర చాపి "ఆ కుంటుతున్నవాడి డోలీ కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట డోలీల మేస్త్రీ చెవిన పడిందో ఏమో! పైకి చేరకముందే తనంతట తాను డోలీ దించినవాడి మెడలోంచి బిళ్ళ లాగేస్తాడు మేస్త్రీ. బిళ్ళ పోతే కొండమీద పని పోయినట్టే. ఆ భయంతోనే నెల రోజులుగా కుడి మోకాలి నొప్పిని పంటి బిగువున దాస్తున్నాడు.

"ఎడమ కాలు వెయ్యి. ఆ మెట్టు కదులుతుంది."

"ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్నానండీ!"

పంతానికి కుడికాలే వేశాడు. మెట్టు కదిలింది. మోకాలు కలుక్కుమంది.

వెనక మోస్తున్న బావమరిది కిసుక్కున నవ్వాడు. "బావా, కూర్చున్నాయనే నడుస్తున్నట్టుంది!"

"నోర్మూసుకుని మొయ్యరా."

కూలిన బురుజు దగ్గర పెద్దాయన కర్రతో డోలీ బొంగు మీద కొట్టాడు. "అరుగు మీద దించండి. బురుజు చూడాలి."

దించారు. ఆయన బురుజు వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కప్పులేని గుర్రపుశాల దగ్గర మళ్ళీ అదే తంతు. రెండో ద్వారం దగ్గర మళ్ళీ.

అక్కడ మేస్త్రీ ఊడిపడ్డాడు. "ఏరా, దించేశావేం?"

"నేను దించమన్నాను. నీకేం నొప్పి?" పెద్దాయన గయ్యిమన్నాడు. "కోట చూడ్డానికొచ్చానా, నీ మొహం చూడ్డానికా?"

మేస్త్రీ తోక ముడిచాడు. మోతగాడి కోపం మాత్రం దిగలేదు. చూడని కోటకి ఇన్ని మజిలీలా!

"నిటారు మెట్లొచ్చాయి. భుజం మార్చు," అన్నాడు పెద్దాయన డోలీలోంచి.

"మార్చను!"

"మార్చవయ్యా, మొండిఘటం!"

మార్చాడు. బొంగు ఒరిసి ఒరిసి కాయ కాచిన భుజానికి కాస్త గాలి తగిలింది.

పైన దించగానే మోతగాడు కడుపులో ఉన్నది కక్కేశాడు. "ఇంకెప్పుడూ నా డోలీ ఎక్కకండి. మోకాలు పనిచెయ్యనివాళ్ళు కొండెక్కకూడదు. ఇంట్లో కూర్చోవాలి!"

"ఆ మాట మర్చిపోకు," అన్నాడు పెద్దాయన. కర్ర ఊతంతో, ముడవని కాలు ఈడ్చుకుంటూ కూలిన గోడ దాకా వెళ్ళి, చెమటకు తడిసిన చొక్కా విప్పి గాలికి పట్టాడు.

ఆయన భుజం మీదా కాయ కాచి ఉంది.