సెన్బిగారి వడ్డన

"బాతులు మూడేనా?"

సెన్బిగారి భార్య హెనుత్ గొంతు వినగానే శిల్పి అంఖు చేతిలో ఉలి జారినంత పనైంది. పొద్దుటి నుంచీ ఇది నాలుగోసారి. రేపే సెన్బిగారిని ఈ సమాధిలోకి తెస్తారు. శవాన్ని ఉప్పులో ఎండబెట్టి గుడ్డలు చుట్టే డెబ్బై రోజులూ నిండిపోయాయి. గోడ పని మాత్రం ఇంకా తెమల్లేదు.

ధాన్యపు కొట్ల అధికారి సెన్బి ఆ సున్నపురాతి గోడ మీద బొమ్మై దర్జాగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందర బల్ల. దాని నిండా రొట్టెలు, ఎద్దు తొడ, ఉల్లికట్టలు, బీరు కుండలు.

"అమ్మగారూ, ఏ దొరకీ ఇంత వడ్డించలేదు నేను. ఎంతైనా ఒక్క కడుపే కదా!"

"రాతి మీదున్నదే కదా అంఖూ, ఆ లోకంలో ఆయన ముందుకొచ్చేది! లోటు చేశావో, ఊరుకోను. ఇంకో రెండు బాతులు పెట్టు. అంజూరాలు చేతికందేంత దగ్గరగా ఉండాలి."

అంఖు నిట్టూర్చాడు. తన పెళ్ళాం గుర్తొచ్చింది. తను పోతే ఉల్లిపాయ కూడా చెక్కించదు ఆ మహాతల్లి!

"అయ్యగారంటే ఎంత ప్రేమమ్మా మీకు!"

"ఆయన ఆకలి నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నైలు పొంగక కరువొచ్చిన ఏడు కూడా ఆయనకి ఒక్క పూట తప్పలేదు. ఆయన తిన్నాక మిగిలితేనే నేనూ, పాపా."

ఆ ఏడే పాప పోయింది. అంఖుకి పాపం అనిపించింది.

"పాపని అయ్యగారి మోకాలి పక్కన చెక్కనా? చోటుంది."

"వద్దు!" అందామె గభాలున. తర్వాత గొంతు తగ్గించింది. "దాన్ని ఆ పక్క నా బొమ్మున్న గోడ మీద, నా ఒళ్ళో పెట్టు. చేతికి తేనె రొట్టె ఇవ్వు."

సాయంత్రానికి అంతా అయింది. హెనుత్ దీపం ఎత్తిపట్టుకుని ప్రతి రొట్టెనీ, ప్రతి కుండనీ తడిమి చూసుకుంది. మొగుడి ముఖం ముందు చాలాసేపు నిలబడింది. కళ్ళు చెమర్చాయి. చూస్తున్న అంఖుకీ దుఃఖం ఆగలేదు. ముక్కు తుడుచుకుంటూ పనిముట్లు సర్దబోయాడు.

"ఉలి అప్పుడే లోపల పెట్టకు," అంది హెనుత్. "కళ్ళూ ముక్కూ జోలికి పోకుండా, ఆయన నోరొక్కటీ పగలగొట్టెయ్."