పాప గుండెకు చందా

జంపయ్య కల్లు మండువాలో అడుగుపెట్టగానే సగం మంది ముంతలు పట్టుకుని లేచారు.

"కూసోండ్రి! ఎటు పోయినా రేపు మీ ఇండ్లకే వస్త!"

పాపకు మూడు నెలలు. గుండెలో చిల్లు. గురువారంలోపు ఖమ్మం దవాఖానాలో లక్షన్నర కడితేనే ఆపరేషన్. ఆరోగ్య కార్డులో పాప పేరు ఇంకా ఎక్కలేదు. ఎక్కేదాకా ఆగమంటే గుండె వినేట్టు లేదు. తల్లి వనజ పాపను ఒళ్లో పెట్టుకుని దవాఖానాలోనే కూర్చుంది. సారపాక కాగితపు మిల్లులో వెదురు లోడు దించే జంపయ్య పని మానేసి ఊళ్ల మీద పడ్డాడు.

"సిగ్గులేదా జంపన్నా?" పగలబడి నవ్వాడు ట్రాక్టర్ లచ్చిరాం.

"ఉండె. నిన్ననే అమ్మేసిన. నువ్వు ఐదు వేలు తియ్."

లచ్చిరాం గొణుక్కుంటూ మూడు వేలు తీశాడు. పక్కనున్న పిచ్చయ్య ఖాళీ జేబులు తిరగేసి చూపించాడు. అతని మొలతాడు వెండిదని జంపయ్య గుర్తుచేశాడు. లుంగీ మడతలోంచి అయిదు వందలు ఊడిపడ్డాయి.

ముసలి సారక్క కోడిపుంజును చేతిలో పెట్టింది. "నీయంత పిచ్చోన్ని నేన్ జూడలే బిడ్డా."

ఆ పుంజును మిల్లు గేటు దగ్గర వేలం వేశాడు. సూపర్‌వైజర్ నాగచైతన్య చేతికి అంటగట్టాడు.

"కోడికి రెండు వేలా?"

"కోడికి ఆరొందలే సార్. మిగిలింది మీ పరువుకు."

బస్టాండ్లు, పెండ్లి పందిళ్లు, ఆఖరికి ఓ చావు భోజనం కూడా వదల్లేదు.

గురువారం పొద్దున "ఊరంత అడుక్కొచ్చిన మేడం" అంటూ దవాఖానా కౌంటర్ మీద సంచి కుమ్మరించాడు. క్యాషియర్ శ్రీదేవి రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇరవై వేలు తక్కువ."

జంపయ్య చొక్కా లోపలి నుంచి ఒక గుడ్డమూట తీసి విసిరినట్టు పెట్టాడు. సరిగ్గా ఇరవై వేలు.

"ఇవి ఉండంగ గూడ ఊరంత అడుక్కున్నరా?"

"ముట్టబుద్ధి కాలే మేడం."

ఆమె రశీదు పుస్తకం తెరిచింది. "పాప తండ్రి మీరేనా?"

"తండ్రి అగో, నాకు మొహం సూపెట్టలేక ఆ స్తంభం ఎనక నిలబడ్డడు, రెండేండ్ల కింద నా పెండ్లాం వనజను తీస్కపోయినందుకు కులపెద్దలు వాడితోని నాకు కట్టించిన తప్పు జరిమానా పైసలే మేడం గివి."