కందెన

గడ్డివామిలోకి దూరిన కారులోంచి లింగారెడ్డి బయటికొచ్చి, మీసంలో చిక్కుకున్న పరక తీసి పారేశాడు.

"నిన్నటిదాకా బ్రేకు తొక్కితే ఊరంతా ఇనపడేట్లు కీచుమనేది. ఈపొద్దు సద్దూ లేదు, నిలబడేదీ లేదు!"

మెకానిక్ మాబుసాబ్ చక్రం ఊడదీసి, లోపల వేలు పెట్టి వాసన చూశాడు. "ఆముదం రెడ్డీ! ఎవరో బ్రేకుకు బండి కందెన పూసినారు."

రెడ్డి చూపు మద్దయ్య మీదికి పోయింది. ఇన్నాళ్ళూ తన ఎద్దులబండి తోలిన మనిషి. తాను ఎద్దులను అమ్మి ఈ పాత కారు కొన్నప్పటినుంచి సరిగ్గా మాట్లాడడం లేదు. కక్ష కట్టాడన్నమాట!

"నువ్వేనా?"

"నేనే రెడ్డీ," అన్నాడు మద్దయ్య తడబడకుండా. "వచ్చినకాడ్నుంచి ఒకటే అరుస్తాండాది. ఎద్దులబండి అట్ల అరిస్తే సంగటి ముట్టకుండా కందెన పెట్టేవాణ్ణి. దీన్నేమో ఎవురూ పట్టించుకోరు. నా పానం ఒప్పలేదు."

తిట్టబోయిన రెడ్డి మాబుసాబ్ వైపు తిరిగాడు.

"అది అరిచింది బ్రేకు పట్టీలు అరిగిపోయి. ఇరుసు జారాల గానీ, బ్రేకు పట్టుకోవాలప్పా," అని నవ్వుతూ మాబుసాబ్ అంతా కడిగి కొత్త పట్టీలు బిగించాడు.

"ఎక్కు మద్దయ్యా, చూద్దాం," అన్నాడు రెడ్డి.

వాలు దిగుతుంటే మళ్ళీ గడ్డివామి ఎదురొచ్చింది. మద్దయ్య లేని పగ్గాలు లాగుతూ "హో... హో..." అన్నాడు. కారు కిక్కురుమనకుండా ఆగింది.

"నా మాట ఇన్నాది రెడ్డీ!"

బ్రేకు మీదున్న కాలు మెల్లగా తీస్తూ, "ఇనకుండా యాడికి పోతాది?" అన్నాడు రెడ్డి.