మంచుతల్లికి మొక్కు

"ఆకాశం నిర్మలంగా..." అని వాతావరణం చెప్పే అమ్మాయి అంటూ ఉండగానే రొసమెల్ రేడియో గొంతు నొక్కేశాడు.

"నిర్మలమట. నడి చలికాలం, జూలై అయిపోవస్తోంది, కొండ మీద రాళ్లు పళ్లికిలిస్తున్నాయి, ఈవిడకి మాత్రం నిర్మలం," అని పొయ్యి దగ్గరున్న పెళ్లాం మీద విసుక్కున్నాడు.

ఉబెర్లిందా నూనెలో గుమ్మడికాయ రొట్టెలు తిప్పుతోంది. ఆ రోజు శుక్రవారం. కాసేపట్లో గుడికి బయల్దేరాలి.

రేడియో పిల్ల తప్పేమీ లేదని రొసమెల్‌కీ తెలుసు. తప్పంతా సముద్రానిది. సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడైతే ఈ ఆండీస్ కొండల్లో కిటికీల దాకా మంచు పేరుకుంటుంది. అది చల్లబడే లానినా ఏడైతే మబ్బులు ఇటు మొహం కూడా చూపించవు. ఇది లానినా ఏడు. సముద్రంతో ఎవడు పోట్లాడగలడు? అందుకే రేడియో మీదా, పిల్లి మీదా, పెళ్లాం మీదా అరుస్తున్నాడు.

అతని బాధ అతనిది. పెళ్లికి ముందు నుంచీ స్కీ కొండకి కాపలా మనిషి. మంచు కురిసినప్పుడల్లా తెల్లారేసరికి అందరికన్నా ముందు పైకెక్కి, శిఖరం అంచున మందుగుండు పేల్చి, ఊగిసలాడుతున్న మంచు చరియల్ని జనం మీద పడకముందే తనే కిందికి దించెయ్యాలి. ఆ పనయ్యాక, ఇంకా ఎవరూ తొక్కని మంచు మీద ఒక్కడే జారుకుంటూ దిగుతాడు. ఆ దిగడం కోసమే బతుకుతున్నానంటాడు, అబద్ధమేం కాదు. ఇదే అతని ఆఖరి చలికాలం. వయసైపోయిందని వచ్చే ఏడు నుంచి బూట్లు అద్దెకిచ్చే కొట్లో కూర్చోబెడతారట. ఆగస్టు దాటినా మంచు పడకపోతే ఈ ఏడు జనాన్ని కొండెక్కించే లిఫ్టులు తిప్పేది లేదని పైవాళ్లు తేల్చేశారు. అదే జరిగితే ఇక ఆ ఆఖరిసారి దిగడం కూడా దక్కదు.

ఇంతలో బావమరిది నిబాల్దో వచ్చాడు. లిఫ్టు నడిపేది వాడే. పని లేక రోజూ అక్క చేతి రొట్టెల మీద పడుతున్నాడు.

"ఏం బావా, స్కీలకి చక్రాలు బిగిద్దామా?"

"నవ్వురా, నీకేం. మొన్నటి ఎల్‌నినో ఏడు గుర్తుందా? మంచంటే అదీ."

గుర్తులేకేం అంటూ వాడు మొదలుపెట్టాడు. మంచు చరియ విరిగి మీద పడి బావ కూరుకుపోవడం, తనూ నలుగురు కుర్రాళ్లూ పారలు విరిగేలా తవ్వడం, నీలం తిరిగిన మొహంతో బయటపడ్డ బావ కళ్లు తెరిచి తన స్కీలేవని అడగడం. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వుల్లో రొట్టెలు మాడిపోయాయి.

"ఆ ధ్యాస ఎక్కడ పెట్టావే?" అని కసిరాడు రొసమెల్.

ఆమె మాడినవి పిల్లికి పడేసి, చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి గుడి దారి పట్టింది.

చలికాలం మొదట్లోనే ఆమె మంచుతల్లి మేరీకి మొక్కుకుంది. ప్రతి శుక్రవారం గడ్డకట్టిన మట్టి మీద వట్టి కాళ్లతో గుడిదాకా నడక. మొక్కేమిటో పైకి చెబితే చెడిపోతుందని ఆ ఊరి పట్టింపు కాబట్టి ఎవరూ అడగలేదు. అడిగే పనేముంది? మంచు కోసం ఊరు ఊరంతా అల్లాడుతోంది. ఆమె మడమలు పగిలి నెత్తురు కారితే రొసమెల్ గొర్రె కొవ్వు కరిగించి తనే రాసేవాడు. కోపిష్టే గానీ కృతఘ్నుడు కాడు. నా కోసం ఎంత కష్టపడుతోందో చూడండని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆగస్టులో మంచుతల్లి పండగొచ్చింది. ఏటా కాగడాలు పట్టుకుని స్కీల మీద దిగే కుర్రాళ్లు ఈసారి ఎండుగడ్డిలో నడుచుకుంటూ దిగారు. ఉబెర్లిందా మొక్కుకి పస లేదని మాంసం కొట్టువాడు అందరి ముందూ ఎగతాళి చేశాడు. రొసమెల్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చీ రాగానే విరుచుకుపడ్డాడు.

"ఇంకెన్నాళ్లీ పాదయాత్ర? మానెయ్ ఇక."

"మానను."

"ఆ తల్లికి చెవుడేమో."

"వింటోంది," అంది ఉబెర్లిందా, కాళ్లకి గుడ్డ చుట్టుకుంటూ.

ఆ మొండితనం చూసి అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం పొద్దున గాలి ఉత్తరానికి తిరిగింది. శిఖరం మీద మబ్బు కమ్మింది. రొసమెల్ నమ్మలేదు. ఈ ఏడు అలాంటి మబ్బుల్ని చాలానే చూశాడు. కానీ మధ్యాహ్నానికల్లా మంచు మొదలైంది, గాలిలో దూది ఏకుతున్నట్టు. చూస్తుండగానే దారి, కంచె, నిబాల్దో లిఫ్టు కుర్చీలు అన్నీ తెల్లబడిపోయాయి. వీధిలో జనం ఒకరినొకరు కావలించుకుంటున్నారు. నిబాల్దో అప్పుడే మోటారుకి నూనె పెడుతున్నాడు.

రొసమెల్ బూట్లు తొడుక్కుని గుడికి పరిగెత్తాడు. ఇన్నాళ్లూ ఆమె మీద అరిచినవన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఉబెర్లిందా తల్లి విగ్రహం ముందు మోకాళ్ల మీద ఉంది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. సంతోషం పట్టలేకపోతోందనుకుని అతనికీ కళ్లు చెమర్చాయి. కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

"లే, ఉబే. నన్ను క్షమించు. రేపు తెల్లారేసరికి పైకెళ్లాలి, నడుం లోతుంటుంది చూడు. నీ మొక్కు ఫలించింది."

ఆమె తలెత్తి అతని బూట్ల వంక చూసింది.

"నిన్నటిదాకా ఫలించింది," అంది.