జోలపాప

మంగళవారం ఉదయం పదీ పదికి మూడో జోలపాప కూడా అబద్ధమని తేలింది.

చెవి చూడగానే బ్రాండు మేనేజరుకు అర్థమైంది. ఫొటోలో పాప ఎడమ చెవి పై అంచు లోపలికి మడత పడి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నామెకు మడత లేదు.

"అట్టపెట్టె మీదున్నది నేనేనని మా అమ్మ చెప్పిందండీ" అంది ఆమె. అబద్ధమాడుతున్నట్టు లేదు. ముందొచ్చిన ఇద్దరూ అంతే.

జోల కంపెనీ పసిపిల్లల పరుపులు చేస్తుంది. ముప్పై రెండేళ్లుగా ప్రతి అట్టపెట్టె మీదా ఒకటే ఫొటో. కళ్లు మూసుకున్న పాప, చెంప కింద గుప్పిట. పేరు కప్పేసి ఫొటో ఒక్కటీ చూపిస్తే నూటికి తొంభై నాలుగు మంది 'జోల' అన్నారు. ఎందుకు కొంటున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకే మాట: "ఆ పాపని చూస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది."

కొత్త ప్రకటనకు ఆ పాపే కావాలి. ఇప్పుడు తల్లై, తన బిడ్డను అదే పరుపు మీద పడుకోబెట్టాలి. పత్రికల్లో వేయిస్తే రెండు వందల పదకొండు మంది 'నేనే' అని రాశారు. వడపోస్తే ముగ్గురు మిగిలారు. ఇప్పుడు ఎవరూ లేరు.

ఆలోచన మేనేజరుదే. శుక్రవారం నుంచి ఆమెకు ప్రసూతి సెలవు. "ఈలోగా పాప దొరక్కపోతే, నువ్వు తిరిగొచ్చేసరికి ఈ కుర్చీలో ఇంకొకరుంటారు" అన్నాడు డైరెక్టరు. నవ్వుతూనే అన్నాడు.

ఫొటో తీసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడు. ఫోను చేస్తే రెండుసార్లూ "గుర్తులేదు" అని పెట్టేశాడు. పదకొండున్నరకు ఆమె అతని స్టూడియో మెట్లెక్కింది.

"అయ్యో, ఈ మెట్లు నువ్వెక్కాలా తల్లీ? ఎన్నో నెల?"

"ఎనిమిది, బాబాయిగారూ. ఫోనులోనే చెప్పి ఉంటే ఎక్కేదాన్నే కాదు."

"నోరు గట్టిదే" అంటూ అతను కుర్చీ జరిపాడు. డెబ్బై ఎనిమిదేళ్లవాడు.

ఆమె అట్టపెట్టె మూత బల్ల మీద పెట్టింది. అతను దాన్ని బోర్లా తిప్పాడు.

"మీవాళ్లు అప్పట్లో నలభైమంది పిల్లల్ని తెచ్చారు. లైటు వేయగానే ఒక్కొక్కడూ ఇల్లు పీకి పందిరి వేశాడు. మీ ప్రకటనల ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు దీన్ని. ముందురోజు వేరే పని మీద తీసిన ఫొటో, తీగ మీద ఆరేశాను. 'నిద్రంటే ఇదీ' అన్నాడు. నేను నోరు మెదపలేదు."

"తల్లిదండ్రులు ఒప్పుకున్నారా?"

"వాళ్లమ్మని అడిగాను. పదిమందీ చూస్తారా అంది. ఇంటింటికీ వెళ్తుందన్నాను. అయితే వెళ్లనివ్వండి అంది."

"పాప లైటుకి లేవలేదా?"

"లేదు. గౌను వాళ్లమ్మే తొడిగింది. గుప్పిట చెంప కింద తనే పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది."

మేనేజరు నవ్వింది. "ఎంత బుద్ధిమంతురాలో! నా లోపలున్నది క్షణం కుదురుగా ఉండదు. ఒకటే తన్నులు."

"ఉండకూడదు తల్లీ. తన్నాలి."

"ఈ ఫొటోనే మా పడగ్గదిలో మంచానికి ఎదురుగా తగిలించుకున్నాను. లేవగానే చూస్తాను."

"తీసెయ్యి."

"ఏం?"

"పాతబడింది. నేను వేరేది ఇస్తాను, అది పెట్టుకో."

"మాట మార్చకండి బాబాయిగారూ. వాళ్లమ్మ ఎక్కడుంటారు?"

"ఎవరో ఒక అమ్మాయిని పెట్టుకోరాదూ? ఎవరు కనిపెడతారు?"

"ఒక్కరు కనిపెట్టినా చాలు, ముప్పై రెండేళ్ల పేరు మట్టికొట్టుకుపోతుంది. జనం ఆ పాపని నమ్మి కొంటున్నారు. మా అమ్మా కొంది, నేనూ కొన్నాను. మాకు నిజం పాపే కావాలి."

అతను బోర్లా ఉన్న మూతను పక్కకు జరిపాడు. లేచి లోపలి గదిలోంచి రేకు పెట్టె తెచ్చాడు.

ప్రతి నెగెటివ్‌కూ ఒక కవరు. ప్రతి కవరు మీదా అతని చేతిరాతలో మూడు వరుసలు. ఎప్పుడు, ఎవరు, ఎందుకు.

"ఎందుకు తీయించుకుంటున్నారో తెలిస్తేగానీ నాకు లైటు వేయడం చేతకాదు" అన్నాడు.

అతని వేళ్ల కింద కవర్లు ఒక్కొక్కటే తిరిగాయి. ఆమె తలకిందులుగానే చదువుతూ పోయింది. పాస్‌పోర్టుకు. ఉద్యోగం దరఖాస్తుకు. అత్తగారికి పంపేందుకు. హాల్లో గోడకు.

ఒక కవరు దగ్గర వేళ్లు ఆగాయి. దాన్ని తీశాడు. వెంటనే ఇవ్వలేదు.

"కూర్చునే చదువు" అన్నాడు.

మొదటి వరుసలో ముప్పై రెండేళ్ల కిందటి తేదీ. రెండో వరుసలో 'పాప, నాలుగు నెలలు'.

మూడో వరుసలో 'సమాధి రాయి మీదికి' అని ఉంది.