ఆమె షిఫ్టులో వెలిగే చుక్క

"చుక్కలు అబద్ధమాడవమ్మా," అంటూ అబ్జర్వేటరీ డైరెక్టర్ గ్రాఫుని బల్ల మీద ఆమె వైపు తోశాడు. "ఇది నీ షిఫ్టులోనే వెలుగుతోంది. మిగతావాళ్ల షిఫ్టుల్లో బుద్ధిగా మినుకుమంటోంది. ఎందుకంటావ్?"

ఆమె గ్రాఫుని దగ్గరికి లాక్కుంది. పాలపుంత నడిబొడ్డున, దుమ్ము వెనకాల దాక్కున్న ముసలి నక్షత్రం అది. మామూలు కంటికి ఆనదు, వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకే చిక్కుతుంది. ఒకసారి ఉబ్బి తగ్గడానికే ఏడాది పైన పడుతుంది. అలాంటిది రోజు విడిచి రోజు ఎగిరెగిరి పడుతోందంటే ఎవరు నమ్ముతారు?

"అంకెలు నేను వండానంటారా సార్?"

"నేననడం లేదు, గ్రాఫ్ అంటోంది. సాయంత్రంలోగా కారణం చెప్పు. లేకపోతే జాబితాలోంచి చుక్కా పోతుంది, ప్రాజెక్టులోంచి నువ్వూ పోతావ్."

ఆమె కళ్లు తుడుచుకుని పాత చిత్రాలన్నీ ముందేసుకుంది. మధ్యాహ్నానికి సంగతి తేలింది. వెలుగు పెరుగుతున్నది నక్షత్రం ఒక్కదానికే కాదు, చిత్రంలో ఆ మూలంతటికీ. పరుగున వచ్చింది.

"పైన టెలిస్కోప్ గోపురంలో, కెమెరా పక్కన వెచ్చగా ఏదో ఉంటోంది సార్. ఆ వేడే లోపలికి చేరుతోంది."

"నీ షిఫ్టులోనేనా? ఎలుకేమో అనుకుందామంటే, దానికి డ్యూటీ చార్టు ఎవరు చూపించారు?"

ద్రవ నైట్రోజన్ పోసి కెమెరాని చల్లగా ఉంచే టెక్నీషియన్‌ని పిలిపించారు. అతను ఆమె మొగుడే. నెల రోజులుగా ఆ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఆరిపోయే చుక్కకున్న విలువ ఇంట్లో మనిషికి లేదా అని అతనన్నాడు. అది కనీసం నామీద అరవదు అని ఆమె అంది. అంతే, మాటలు బంద్.

"నా షిఫ్టులో పైన ఎవరుంటున్నారో ఆయన్ని అడగండి సార్," అంది ఆమె గోడ వైపు చూస్తూ.

"నేనే ఉంటున్నానని ఆవిడకి చెప్పండి సార్," అన్నాడతను ఇంకో గోడతో.

"నైట్రోజన్ పోసేసి కిందికి రావాలి కదయ్యా. అక్కడ నీకేం పని?"

అతను చేతిలోని గ్లౌజులు నలిపాడు. "ఆమధ్య ఆవిడ షిఫ్టులో నైట్రోజన్ అయిపోయి కెమెరా వేడెక్కింది సార్. చిత్రాలన్నీ పాడైపోయాయి. ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. అప్పట్నుంచీ ఆవిడ షిఫ్టయ్యేదాకా కెమెరా పక్కనే కూర్చుంటున్నాను. మళ్లీ అలా జరక్కూడదని."

ఆమె మెల్లగా అతనివైపు తిరిగింది.

"అంత చలిలోనా? మఫ్లరన్నా చుట్టుకున్నావా?"

"చుట్టుకున్నా. నువ్వు అల్లిందే."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"సరే, చుక్క ఉంటుంది, నువ్వూ ఉంటావ్. కానీ అబ్బాయ్, ఇకమీదట నైట్రోజన్ పొయ్యడానికి తప్ప ఈ అమ్మాయి షిఫ్టులో నువ్వు పైకెక్కావో, ఉద్యోగం ఊడుతుంది."

"ఎక్కను సార్."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆమె షిఫ్టుల్లో నక్షత్రం తన వయసుకు తగ్గట్టు నెమ్మదిగా ఉండసాగింది.

వారం తిరక్కుండానే డైరెక్టర్ సొంత షిఫ్టు వచ్చింది. కింద గదిలో తెర ముందు కూర్చున్నాడో లేదో, ఆ మూల మళ్లీ వెలిగింది. "వీడి మొహం మండ," అనుకుంటూ గోపురానికి ఫోన్ చెయ్యబోయాడు. ఇంతలో గుర్తొచ్చింది, ఆవేళ ఆమెకి డ్యూటీయే లేదు. మరి ఎవరికోసం కూర్చున్నట్టు? గ్రాఫులో గీతని వేలితో ఇంకోసారి కొలిచి చూసుకుని, చప్పుడు కాకుండా ఫోన్ పెట్టేశాడు.

ఈసారి వెలుగు సరిగ్గా రెండింతలుంది.