కదలని మీటరు

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

టీచరు లేవలేదు. రెండు నెలలుగా సెలవులో ఉంది. లేచి మాత్రం చేసేదేముంది గనక!

మళ్ళీ మూడు దెబ్బలు. కొట్టేవాడు వదిలే రకంలా లేడు. ఉసూరుమంటూ వెళ్ళి తలుపు తీసింది.

నీళ్ళ మీటర్లు చూసే మనిషి. చంకలో అట్టపుస్తకం, మాసిన గడ్డం, బొత్తాం ఊడిన చొక్కా.

"టీచరమ్మా, మీ మీటరు కదలట్లేదు."

"పాడైపోయిందేమో. మార్చుకోండి."

"మార్చాలంటే ముందు పరీక్ష చెయ్యాలమ్మా. కుళాయి కింద బకెట్ పెట్టి తిప్పండి. నేనిక్కడ అంకె చూస్తుంటా."

ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు. తిప్పింది.

"ఇంకో బకెట్!" బయటినుంచి కేక.

రెండోదీ నిండింది.

"అయ్యో, పారబొయ్యకండి! స్నానానికి పనికొస్తాయి. వచ్చే మంగళవారం మళ్ళీ చూస్తా."

అతను వెళ్ళిపోయాడు. బకెట్లు దారికడ్డంగా మిగిలాయి. ఏం చెయ్యాలో తోచక స్నానం చేసింది. ఎన్నాళ్ళకు చేసిందో, లెక్కలు చెప్పే టీచరుకే లెక్క తెలియలేదు.

ఆమెకి ఏ కష్టమూ లేదు. ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, ఆరోగ్యం గుండ్రాయిలా ఉంది. ఏడుపు కూడా రాదు. మనసు తిమ్మిరెక్కిన కాలులా ఉంది, గిల్లినా తెలియదు. ఈ తెగులు లోకంలో తనకొక్కదానికే పట్టిందని ఆమె నమ్మకం. ఎవరికైనా చెబితే తిన్నదరక్క అంటారని భయం.

రెండో మంగళవారం వచ్చాడు.

"ఈసారి సన్నటి ధార కావాలమ్మా. గిన్నెలు తోముతూ తిప్పండి."

వారం రోజుల గిన్నెలు తోమింది.

మూడో మంగళవారం దుప్పట్లు నానబెట్టమన్నాడు.

"ఏమయ్యా, మీటరుకి ఇంత వైద్యమా?" అంది. ఆ నెలలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మొండి మీటరమ్మా. ఇలాంటివాటిని పలకరిస్తూ ఉండాలి," అని నవ్వాడు. చొక్కా అదే. మూడు వారాలుగా అదే చొక్కా.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"వారం వారం వస్తున్నాడా? ఒసే పిచ్చిమొహమా, మంచి మీటరుకి వంక పెట్టి లంచం గుంజే రకమే వాడు! ఫిర్యాదు రాసి పడెయ్."

"ఏమీ అడగలేదక్కా."

"ఇవాళ అడగలేదు, రేపు అడుగుతాడు. నువ్వు రాస్తావా, నన్ను రమ్మంటావా?"

అక్క వస్తే మాట్లాడాలి. దానికంటే రాయడం తేలిక. మూడు వాక్యాలు రాసి పంపేసింది. అతని మీద కోపం లేదు. జాలీ లేదు. ఏమీ లేదు.

మరుసటి మంగళవారం తలుపు చప్పుడు కాలేదు. ఆపై మంగళవారమూ కాలేదు. పదింటికల్లా కుళాయి కింద బకెట్ పెట్టుకుని, చాలాసేపటికి గమనించింది, తను ఎదురుచూస్తోందని.

నెలాఖరున తలుపు కొట్టింది ఒక కొత్త అమ్మాయి. చేతిలో అదే అట్టపుస్తకం.

"మీటరు పాడైందన్నారు. మారుస్తారా?" అని అడిగింది టీచరు.

"భేషుగ్గా ఉందమ్మా. ఎప్పుడూ పాడవ్వలేదు."

"మరి పాతాయన?"

"ఎవరో ఫిర్యాదు రాశారట. ఏడాదిలో రిటైరవ్వాల్సిన మనిషిని ఇంటికి పంపేశారు."

"రాసింది నేనే," అంది టీచరు.

అమ్మాయి పుస్తకం తెరిచి చూపించింది. "ఈ గుర్తులేంటో ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదమ్మా. మీకేమైనా చెప్పాడా?"

రెండు వందల నలభై ఇళ్ళ నంబర్లు. కొన్నిటి చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఆ ఇళ్ళ నీళ్ళ వాడకం తొమ్మిది, అయిదు, రెండు, ఒకటి అంటూ పడిపోయింది. పక్కన టిక్కులు, వెళ్ళి తలుపు కొట్టినప్పుడల్లా ఒకటి. టీచరు నంబరు చుట్టూ సున్నా ఉంది, పక్కన మూడు టిక్కులు ఉన్నాయి. వాడకం ఒకటి నుంచి మళ్ళీ నాలుగుకి లేచింది.

కింది వాటాలో ఎప్పుడూ పకపకా నవ్వే ఆవిడ నంబరుకీ సున్నా. మూల మీది బట్టల కొట్టాయన ఇంటికీ సున్నా.

అలవాటు ఊరుకోదు కదా, లెక్కపెట్టింది. ముప్ఫై.

"ఎనిమిదిళ్ళకి ఒకటి," అంది పైకే. నేనొక్కదాన్నే కాదన్నమాట! కళ్ళు చెమర్చాయి. ఎన్ని నెలలకో.

మొదటి పేజీలో మొట్టమొదటి సున్నా దగ్గర మాత్రం వేలు ఆగింది. దాని పక్కన ఒక్క టిక్కూ లేదు.

"ఈ ఇంటి తలుపు ఎవరూ కొట్టలేదేం?"

"తెలీదమ్మా."

"పద, నేను కొడతాను." చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. దులపకుండానే వేసుకుని మెట్లు దిగింది. "ఇంతకీ ఎవరిల్లు అది?"

"ఆయనదేనమ్మా. ఆఖరి రోజు తన చేత్తో రాసుకున్న అంకె దగ్గరే ఆ మీటరు ఆగిపోయి ఉంది."